తలుపు మూసినా కుర్చీ వదలని డాక్టరమ్మ

మా దమ్మామ్‌లో మనవాళ్ల డాక్టర్ల సంఘానికి ఎన్నికలు వస్తున్నాయి. నాకు బాగా దగ్గరైన ఒక గైనకాలజిస్టు అక్కని అధ్యక్ష పదవికి నిలబడమని నలుగురైదుగురు అడిగారు. ఆవిడ పదేళ్లుగా సంఘంలో ఉన్నారు. చందా కడతారు, ఉచిత వైద్య శిబిరాలకి వెళ్తారు, వేదిక మీద మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. మనకెందుకులే, ఈ గొడవంతా మగవాళ్లు చూసుకుంటారులే అని మొన్న మా ఇంట్లో టీ తాగుతూ అన్నారు. నేను జువాలజీతో బీఎస్సీ చేసి ఇల్లు చూసుకుంటున్నదాన్ని, డాక్టర్లకి సలహా ఇచ్చేంతదాన్ని కాను. అందుకని ఎలిజబెత్ గారెట్ ఆండర్సన్ గురించి చెప్పాను. బ్రిటన్‌లో మొదటి మహిళా డాక్టరని ఆమె పేరు చాలామంది వినే ఉంటారు. డాక్టర్ల సంఘంలో ఆమె పడ్డ పాట్లు మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు.

ఎలిజబెత్ 1836లో లండన్‌లో పుట్టింది. పెరిగింది ఇంగ్లండు తూర్పు తీరంలో ఆల్డ్‌బరా అనే చిన్న ఊళ్లో. తండ్రి న్యూసన్ గారెట్ వ్యాపారి. అమెరికాలో డాక్టరు పట్టా పొందిన మొదటి మహిళ ఎలిజబెత్ బ్లాక్‌వెల్ 1859లో లండన్ వచ్చి ఉపన్యాసాలిస్తే విన్నది, తనూ డాక్టరు కావాలనుకుంది. తండ్రి ముందు ససేమిరా అన్నాడు, తర్వాత ఆమెకి కొండంత అండ అయ్యాడు. ఏ మెడికల్ కాలేజీ సీటివ్వలేదు. మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో నర్సుగా చేరి, మెల్లగా డాక్టర్ల పాఠాలకి వెళ్లడం మొదలుపెట్టింది. 1861లో మగ విద్యార్థులు అర్జీ పెట్టి అది కూడా మాన్పించారు.

అప్పట్లో వైద్యం చేయడానికి లైసెన్సు ఇచ్చే సంస్థల్లో అపోథెకరీల సంఘం ఒకటి. దాని పత్రంలో మగవాళ్లు అని రాసి లేదు, వ్యక్తులు అని ఉంది. ఆ ఒక్క మాటని పట్టుకుంది ఎలిజబెత్. పరీక్ష రాయనివ్వకపోతే కోర్టుకి వెళ్తానని తండ్రి బెదిరించాడు. 1865లో ఆమెకి లైసెన్సు వచ్చింది. తర్వాత ఆ సంఘంవాళ్లు నిబంధన మార్చేశారు. గుర్తింపు ఉన్న మెడికల్ స్కూల్లో చదివినవాళ్లకే పరీక్ష అన్నారు. ఆ స్కూళ్లలో ఆడవాళ్లకి సీటే లేదు. ఆమె లోపలికి అడుగుపెట్టగానే వెనక తలుపు మూసేశారన్నమాట.

1866లో పేద స్త్రీల కోసం లండన్‌లో దవాఖానా తెరిచింది. లైసెన్సు ఉన్నా ఎండీ పట్టా లేదని, ఫ్రెంచి నేర్చుకుని 1870లో పారిస్ విశ్వవిద్యాలయం నుంచి తెచ్చుకుంది. అదే ఏడాది లండన్ స్కూల్ బోర్డు ఎన్నికల్లో నిలబడితే 47,858 ఓట్లు వచ్చాయి. లండన్ మొత్తంలో ఏ అభ్యర్థికీ అన్ని రాలేదు. అదే మేరీలెబోన్ నియోజకవర్గంలో రెండో స్థానం ఎవరిదో తెలుసా? డార్విన్ తరఫున వాదించిన శాస్త్రవేత్త హక్స్‌లీది! మా జువాలజీ పాఠాల్లో ఆయన పేరు చదివాను గానీ ఈమె పేరు ఎక్కడా కనబడలేదు. 1871లో ఓడల కంపెనీలో ఉన్న జేమ్స్ స్కెల్టన్ ఆండర్సన్‌ని పెళ్లి చేసుకుంది, ప్రాక్టీసు మానలేదు.

అసలు సంగతి ఇక్కడి నుంచే. 1873లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఆమెని సభ్యురాలిగా చేర్చుకుంది. లండన్‌లోని ఒక శాఖ ద్వారా చేరింది కాబట్టి మిగతా ఊళ్లవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. 1875లో ఎడిన్‌బరాలో వార్షిక సమావేశం. ఆ ఏటి అధ్యక్షుడు రాబర్ట్ క్రిస్టిసన్ ఆడవాళ్ల వైద్య విద్యకి బద్ధ వ్యతిరేకి. ఆయన ఊళ్లోనే ఆమె కాన్పుల మీద పత్రం చదివింది. దాంతో దుమారం లేచింది. అదే ఏడాది ఆమె చిన్న కూతురు మార్గరెట్ మెనింజైటిస్‌తో చనిపోయింది. ఏడాది దాటిన బిడ్డ. తను డాక్టరై ఉండీ కాపాడుకోలేకపోయింది. నేనైతే మళ్లీ ఇల్లు కదిలేదాన్ని కాదేమో.

1878లో బాత్ పట్టణంలో జరిగిన సమావేశంలో, ఇకపై ఆడవాళ్లని చేర్చుకోకూడదని తీర్మానం పెట్టారు. ఆమె లేచి వాదించింది, ఓడిపోయింది. కొత్త నిబంధన పాత సభ్యులకి వర్తించదు కాబట్టి ఆమె సభ్యత్వం పోలేదు. రాజీనామా చేసి బయటికొస్తే చాలామంది హమ్మయ్య అనుకునేవాళ్లు. ఆమె చేయలేదు. 1873 నుంచి 1892 దాకా, 19 ఏళ్లు, వేల మంది మగ డాక్టర్ల సంఘంలో ఒకే ఒక్క ఆడ సభ్యురాలు. 1892లో నాటింగ్‌హామ్ సమావేశంలో ఆ నిబంధన ఎత్తేశారు. 1897లో ఆ సంఘం తూర్పు ఆంగ్లియా శాఖకి ఆమే అధ్యక్షురాలైంది. అది తను పెరిగిన ప్రాంతం. మొత్తం సంఘానికి ఒక మహిళ, జోసెఫిన్ బార్న్స్, అధ్యక్షురాలు కావడానికి మాత్రం 1979 దాకా పట్టింది.

ఆ 19 ఏళ్లూ ఊరికే కూర్చోలేదు. 1874లో మొదలైన లండన్ మహిళా వైద్య పాఠశాలలో పాఠాలు చెప్పింది, 1883 నుంచి 20 ఏళ్లు దానికి డీన్‌గా ఉంది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన మేరీ షార్లీబ్ పై చదువుకి వెళ్లింది ఆ పాఠశాలకే. తిరిగొచ్చి 1885లో మద్రాసులో గోషా ఆసుపత్రి పెట్టించింది. పరదాలో ఉండి మగ డాక్టరుకి చూపించుకోని ఆడవాళ్ల కోసం. ఈ మాట చెప్పగానే అక్క కాస్త ముందుకి జరిగి కూర్చున్నారు. ఇక్కడ ఆవిడ క్లినిక్ బయట అబాయాల్లో కూర్చునే వరుస చూస్తే మీకూ అర్థమవుతుంది.

ఆమె చేసినవన్నీ నాకు నచ్చాయని కాదు. సైనికుల ఊళ్లలో అనుమానం వచ్చిన ఆడవాళ్లని పోలీసులు బలవంతంగా పరీక్షలకి పంపే చట్టాలుంటే, తోటి మహిళా నాయకులు ఎదిరించారు, ఈమె సమర్థించింది. డాక్టరు చూపుతో చూసింది గానీ ఆ ఆడవాళ్ల వైపు నుంచి చూడలేదనిపిస్తుంది. అక్కకి అదీ దాచకుండా చెప్పాను.

భర్త పోయాక 1908లో ఆల్డ్‌బరాకి మేయరైంది, ఇంగ్లండులో మొదటి మహిళా మేయరు. 1917లో కన్నుమూసింది. మరుసటి ఏడాది ఆమె ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

అక్క అంతా విన్నారు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. చెప్పులు వేసుకుంటూ, గురువారం సాయంత్రం పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకొస్తావా అని మాత్రం అడిగారు. నామినేషన్లకి ఆఖరు రోజు గురువారమే.