ఎడారిని సొంతిల్లు చేసుకున్న ఓకీఫ్

2014 నవంబరులో న్యూయార్క్‌లో జరిగిన ఒక వేలంలో ఉమ్మెత్త పువ్వు బొమ్మ ఒకటి 44.4 మిలియన్ డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పటిదాకా ఏ మహిళా చిత్రకారిణి బొమ్మకీ వేలంలో అంత ధర పలకలేదట. మనం శివుడికి పెట్టే ఉమ్మెత్తకి దగ్గరి చుట్టమే ఆ పువ్వు. న్యూమెక్సికోలో ఎవరూ నీళ్ళు పొయ్యకపోయినా రోడ్డు పక్కన పెరిగేస్తుంది. అల్బుకర్కీలో ఎమ్మెస్ చేసిన రెండేళ్ళూ నేను దాన్ని పట్టించుకోలేదు. దాన్ని 1932లో బొమ్మ వేసినావిడ పేరు జార్జియా ఓకీఫ్.

ఆవిడ ఎడారిలో పుట్టలేదు. 1887 నవంబరు 15న విస్కాన్సిన్‌లో, సన్ ప్రెయిరీ దగ్గర పాడి రైతుల ఇంట్లో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో రెండో సంతానం. షికాగోలో, న్యూయార్క్‌లో చదువుకుని టెక్సాస్‌లో డ్రాయింగ్ టీచరుగా చేరారు. ఆ బోసి మైదానాలు, పాలో డ్యూరో లోయ ఆవిడకి తెగ నచ్చేశాయి. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన నాకు ఇది పెద్ద వింతగా అనిపించదు. చెట్లు అడ్డం లేకపోతే ఆకాశం ఎంత ఉంటుందో మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

1916లో ఒక స్నేహితురాలు ఈవిడ బొగ్గు బొమ్మలు తీసుకెళ్ళి న్యూయార్క్‌లో ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కి చూపించింది. ఆయన పేరున్న ఫోటోగ్రాఫరు, గ్యాలరీ యజమాని. అడక్కుండానే ఆ బొమ్మల్ని ప్రదర్శనకి పెట్టేశాడు. 1918లో ఓకీఫ్ న్యూయార్క్ చేరారు, 1924లో ఇద్దరికీ పెళ్ళయింది. ఆయన ఈవిడకంటే 23 ఏళ్ళు పెద్ద. చలికాలం న్యూయార్క్‌లో, వేసవిలో లేక్ జార్జ్ ఒడ్డున స్టీగ్లిట్జ్ వాళ్ళ ఇంట్లో బంధువుల మధ్య గడిచేది. అక్కడంతా ఆవిడకి మరీ పచ్చగా, మరీ ఇరుకుగా ఉండేది.

1929 వేసవిలో రైలెక్కి న్యూమెక్సికోలోని తావోస్ వెళ్ళారు. అసలు కథ అక్కణ్ణుంచే. నలభై దాటాక కారు నేర్చుకుని ఒక ఫోర్డ్ మోడల్ ఏ కొన్నారు. ముందు సీటు వెనక్కి తిప్పి, వెనక సీటుకి కాన్వాసు ఆనించి, ఎండ తగలకుండా కారులోనే బొమ్మలు వేసేవారు. మరుసటేడు తిరిగి వచ్చేటప్పుడు ఒక పీపా నిండా పశువుల ఎముకలు న్యూయార్క్‌కి పంపించారు. మా అమ్మయితే ఆ పీపాని గుమ్మం దాటనిచ్చేది కాదు! మ్యూజియాల్లో మనం చూసే పుర్రెల బొమ్మలు అలా మొదలైనవే.

అప్పట్నుంచీ దాదాపు ఇరవయ్యేళ్ళు ఆవిడది రెండిళ్ళ బతుకు. స్టీగ్లిట్జ్ ఒక్కసారి కూడా న్యూమెక్సికో రాలేదు. ఈలోగా ఆయన జీవితంలోకి డొరొతీ నార్మన్ వచ్చింది. 1933లో ఓకీఫ్ మానసికంగా బాగా కుంగి ఆస్పత్రిలో ఉన్నారు. అయినా ఇద్దరూ విడిపోలేదు, ఉత్తరాలు ఆగలేదు. 1915 నుంచి 1946 దాకా వాళ్ళు రాసుకున్నవి పాతికవేల పేజీలు. వారానికోసారి వాట్సాప్‌లో క్షేమసమాచారం కనుక్కునే మనకి అది ఊహకందని లెక్క.

1934లో ఘోస్ట్ రాంచ్ చూశారు. ఎరుపు, పసుపు, ఊదా చారల కొండలు, ఎదురుగా నెత్తి కోసేసినట్టు చదునుగా ఉండే పెడర్నాల్ కొండ. 1940లో అక్కడ ఒక మట్టి ఇల్లు, దాంతోపాటు ఏడెకరాలు కొన్నారు. పెడర్నాల్‌ని ఎన్నిసార్లు బొమ్మ వేశారంటే అది తన సొంతమే అనుకునేంత. ఇక్కడ నాకొక చిన్న పేచీ ఉంది. ఆవిడ రావడానికి వందల ఏళ్ళ ముందే ఆదివాసులు పనిముట్ల కోసం ఆ కొండ మీద చెకుముకిరాయి తవ్వుకునేవాళ్ళు. ఆ పేరుకి అర్థం కూడా చెకుముకే. తర్వాత వచ్చినవాళ్ళం మనం ఎంత ప్రేమించినా, ముందున్నవాళ్ళు ముందున్నవాళ్ళే కదా.

ప్రేమ ఉన్నా ఎడారిలో కూరగాయలు పండవు. ఘోస్ట్ రాంచ్‌లో తోటకి సరిపడా నీళ్ళు లేవు, అన్నీ దూరం నుంచి తెచ్చుకోవాలి. అందుకని దగ్గర్లోని అబిక్యూ ఊళ్ళో కూలిపోయిన ఒక పాత మట్టి ఇంటి కోసం ఏళ్ళ తరబడి చర్చి వాళ్ళని అడిగి, 1945 చివర్లో కొన్నారు. దాంతో పాటు సాగునీటి హక్కు వచ్చింది. అక్కడి పిల్లకాలువల్ని అసేకియాలంటారు. మన కాలువల కింద లాగే వంతులవారీగా నీళ్ళు కట్టుకుంటారు. ఇల్లు నిలబెట్టడానికి సుమారు మూడేళ్ళు పట్టింది. పని దగ్గరుండి చేయించింది మరియా షాబో అనే స్నేహితురాలు. గోడలు చేతుల్తో మెత్తింది ఆ ఊరి ఆడవాళ్ళు. ఓకీఫ్ అనగానే ఒంటరి ఎడారి మనిషి అనేస్తారుగానీ, ఆ ఒంటరితనం వెనక చాలామంది చెయ్యి ఉంది.

ఇల్లు కొన్న కొద్ది నెలలకే, 1946 జూలైలో స్టీగ్లిట్జ్‌కి పక్షవాతం వచ్చింది. ఆవిడ న్యూమెక్సికోలో ఉన్నారు. కబురందగానే విమానంలో బయల్దేరి చేరుకున్నారు. జూలై 13న ఆయన పోయారు. అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోన్ మోగితే మన గుండె ఎలా జారుతుందో తెలిసినవాళ్ళకి ఆ ప్రయాణం గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆయన అస్థికల్ని లేక్ జార్జ్ దగ్గర ఉంచి, ఆయన వదిలివెళ్ళిన బొమ్మల్ని, ఫోటోల్ని మ్యూజియాలకి పంచిపెట్టడానికి సుమారు మూడేళ్ళు న్యూయార్క్‌లోనే గడిపారు. 1949లో అబిక్యూకి శాశ్వతంగా వచ్చేశారు.

ఆ తర్వాత ఇంకో 37 ఏళ్ళు బతికారు. 1959లో ప్రపంచయాత్రలో భాగంగా ఇండియా కూడా చూశారు. విమానం కిటికీలోంచి కనిపించిన మబ్బుల్ని 1965లో 24 అడుగుల కాన్వాసు మీద వేశారు, అప్పటికి ఆవిడకి 77. డెబ్భైల్లో కంటిచూపు మధ్యభాగం పోయింది. 1972 తర్వాత ఎవరి సాయం లేకుండా తైలవర్ణ చిత్రం వెయ్యలేదు, మట్టిపాత్రలు చేశారు. 1986 మార్చి 6న శాంటా ఫేలో, 98వ ఏట కన్నుమూశారు. బూడిద పెడర్నాల్ పైనుంచి చల్లారు. భర్త అక్కడ సరస్సు ఒడ్డున, ఈవిడ ఇక్కడ కొండగాలిలో.

అబిక్యూ ఇల్లు ఇప్పుడు శాంటా ఫేలోని ఓకీఫ్ మ్యూజియం చూసుకుంటోంది. వెళ్ళాలనుకుంటే ముందుగానే టూరు బుక్ చేసుకోండి, నేరుగా వెళితే లోపలికి రానివ్వరు. తోటలో ఇప్పటికీ కాలువ నీళ్ళతోనే కూరగాయలు పండిస్తున్నారు.