జెండా వెంకయ్యగారి చివరి కోరిక



మన విశాఖపట్నం తూర్పు నౌకాదళానికి కేంద్రం. సైనిక లాంఛనాలతో సాగనంపిన ఆప్తుని దేహంపై కప్పిన జాతీయ జెండాను మడిచి బీరువాలో దాచుకొనే కుటుంబాలకు ఇటువంటి ఊరిలో కొదవ ఉండదు. ఆ జెండాను ఏ విధంగా చూడాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు నాకు శ్రీ పింగళి వెంకయ్యగారు గుర్తుకు వస్తారు. అందుకే ఈ ప్రత్యేక సంచికలో వారి జీవితం గూర్చి నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

వెంకయ్యగారు 1876 ఆగస్టు 2వ తేదీన కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించారు. పందొమ్మిదో ఏట సైన్యంలో చేరి, బోయర్ యుద్ధ కాలంలో దక్షిణాఫ్రికా వెళ్లారు. గాంధీగారితో పరిచయం అక్కడే కలిగింది. తిరిగి వచ్చాక కొంతకాలం రైల్వే గార్డుగా పనిచేశారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య అనిపించుకొన్నారు. పత్తి రకాలపై పరిశోధన చేసి పత్తి వెంకయ్య, వజ్రాల శాస్త్రం తెలిసినందున డైమండ్ వెంకయ్య అయ్యారు. చివరకు జెండా వెంకయ్యగా నిలిచిపోయారు.

1916లో వారు ముప్పై నమూనాలతో జాతీయ పతాకంపై ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెసు సమావేశాల సమయంలో ఎరుపు, ఆకుపచ్చ రంగులపై రాట్నం గల జెండాను గాంధీగారికి అందించారు. గాంధీగారి సూచన మీద దానికి తెలుపు చేరింది. 1931లో ఎరుపుకు బదులు కాషాయం వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రంతో ఆ పతాకాన్ని ఆమోదించింది.

ఇంతటి మనిషి చివరి రోజులు ఇబ్బందులలో గడిచాయి. విజయవాడ చిట్టినగర్‌లో గుడిసెలో కాపురం. 1963 జనవరిలో డాక్టర్ కె.ఎల్. రావుగారు మొదలైన పెద్దలు సత్కరించి కొంత నిధి అందించారు. అదే సంవత్సరం జులై 4న, 87వ ఏట, వారు స్వర్గస్థులయ్యారు.

వారి చివరి కోరిక ఒక్కటే. తన దేహంపై త్రివర్ణ పతాకం కప్పాలి, శ్మశానం చేరాక దానిని తీసి అక్కడి రావిచెట్టుకు కట్టాలి. లాంఛనాల ఊసు గాని, ధనం ఊసు గాని ఆ కోరికలో లేదు. తనతోపాటు జెండా కాలిపోరాదన్నదే వారి పట్టుదల అని నాకు తోస్తుంది. 2002 నాటి పతాక నియమావళి చెప్పేదీ అదే. ప్రభుత్వ, సైనిక, కేంద్ర పారామిలటరీ దళాల అంత్యక్రియలలో మాత్రమే జెండా కప్పాలి, కాషాయం తలవైపు ఉండాలి, దానిని గోతిలోకి దించరాదు, చితిలో కాల్చరాదు. 2018 ఆగస్టులో వాజపేయిగారి అంత్యక్రియలలో పార్థివదేహంపై నుండి తీసిన జెండాను వారి మనుమరాలి చేతికి అందించడం మనమంతా టీవీలో చూశాము.

పాత నాణేలు, తపాలా బిళ్లల వలె ఇటువంటి జెండాలను సేకరించేవారు కూడా ఉన్నారు. జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను కనుక ఒక మాట మనవి చేస్తాను. జెండాలన్నీ చూపులకు ఒక్కటే. ఎవరి దేహంపై కప్పినది, ఏ తేదీన, ఏ ఊరిలో, ఎవరు అందుకొన్నారు అన్న వివరం లేకపోతే రెండు తరాల తరువాత మన పిల్లలకే అది వట్టి గుడ్డ అవుతుంది. వెలకట్టి కొనేవాడు వచ్చినప్పుడు కాదనడానికి కారణం కూడా వారికి తెలియదు.

కావున మన సభ్యుల ఇళ్లలో అటువంటి జెండా ఉన్నట్లయితే, ఈ వివరాలు ఒక కాగితంపై వ్రాసి, పెద్దల సంతకంతో దాని వెంట ఉంచండి. తేమ తగలకుండా చూడండి. మనుమలకు ఆ మనిషి కథ చెప్పండి, దానితోపాటు వెంకయ్యగారి కథా చెప్పండి.

సెలవు.