గిజూభాయి బధేకా

గిజూభాయి బధేకా (నవంబరు 15, 1885 - జూన్ 23, 1939) గుజరాతుకు చెందిన విద్యావేత్త, బాలసాహిత్య రచయిత. అసలు పేరు గిరిజాశంకర్ భగవాన్‌జీ బధేకా. బెత్తానికి భయపడో, బహుమతికి ఆశపడో కాక, నేర్చుకోవడంలోని ఆనందం కోసమే పిల్లలు చదవాలని భావించి, దానిని తరగతి గదిలో ఆచరించి చూపాడు. గుజరాతీ ప్రజలు ఆయనను ఆప్యాయంగా "మూఛాళీ మా", అనగా మీసాల తల్లి అని పిలిచేవారు.

జీవితం

సౌరాష్ట్రలోని చిత్తల్‌లో జన్మించాడు. 1907లో జీవనోపాధికై తూర్పు ఆఫ్రికాకు వెళ్ళి, తిరిగివచ్చిన తరువాత బొంబాయిలో న్యాయశాస్త్రం చదివి వకీలు అయ్యాడు. 1913లో కుమారుడు నరేంద్ర పుట్టాక, ఈ బిడ్డను ఎలాంటి బడికి పంపాలన్న ప్రశ్న ఆయనను వేధించింది. ఆ అన్వేషణలోనే ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి భావాలు పరిచయమయ్యాయి. 1916లో వకీలు వృత్తిని వదలి, భావనగర్‌లో నానాభాయి భట్ స్థాపించిన దక్షిణామూర్తి సంస్థలో చేరాడు. 1920లో అక్కడే పసిపిల్లల కొరకు బాలమందిరం ప్రారంభించాడు.

మాంటిస్సోరి పద్ధతిని ఆయన ఉన్నదున్నట్లు స్వీకరించలేదు. ఆమె పసివారికి అద్భుత కథలు చెప్పడాన్ని అంతగా ఇష్టపడలేదు. గిజూభాయి బోధనకు మాత్రం కథే ప్రాణం. జానపద గేయాలు, ఆటలు, నాటకాలు దానికి తోడయ్యాయి.

దివాస్వప్న

ఆయన రచనలలో మిక్కిలి ప్రసిద్ధమైనది "దివాస్వప్న". తెలుగులో ఇది "పగటికల" పేరుతో వెలువడింది. ఇందులో లక్ష్మీరాం అనే ఉపాధ్యాయుడు విద్యాధికారి అనుమతితో ఒక సంవత్సరం పాటు నాలుగో తరగతిపై ప్రయోగం చేస్తాడు. మొదటి రోజు పిల్లలతో మౌనంగా కూర్చునే ఆట ఆడించబోతే వారు అల్లరితో గది ఎగరగొడతారు. చేసేది లేక ఇంటికి పంపివేస్తాడు. ఆదర్శ ఉపాధ్యాయుని కథ ఇలా ఓటమితో మొదలుకావడమే ఈ పుస్తకానికి విశ్వసనీయతను తెచ్చింది. బడిలో పనిచేసినవారికి ఆ మొదటి గంట సుపరిచితమే.

మరునాడు లక్ష్మీరాం కథ మొదలుపెడతాడు. కథ కోసం పిల్లలు వారంతట వారే నిశ్శబ్దమవుతారు. కథల నుండి పుస్తకాలపై ఆసక్తి పుడుతుంది. పాఠ్యపుస్తకాలకు వెచ్చించే డబ్బుతో తరగతికి చిన్న గ్రంథాలయం ఏర్పడుతుంది. అంత్యాక్షరి ఆడుతూ పద్యాలు వల్లె వేయకుండానే నేర్చుకుంటారు. తోటి ఉపాధ్యాయులు మొదట పరిహసిస్తారు. ఇలాగైతే పరీక్షలు ఎలా గట్టెక్కుతారన్నది వారి సందేహం. అది న్యాయమైన సందేహమే. అందుకే లక్ష్మీరాం పాఠ్యాంశాలను పక్కన పెట్టడు, వాటిని చేరే దారిని మాత్రం మారుస్తాడు.

ఇతర కృషి, మరణం

1926లో తారాబాయి మోదక్‌తో కలసి నూతన బాలశిక్షణ సంఘాన్ని స్థాపించాడు. పిల్లలకు, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు అనేక పుస్తకాలు వ్రాశాడు. 1929లో గుజరాతీ సాహిత్యంలో ప్రతిష్ఠాత్మకమైన రంజిత్‌రామ్ సువర్ణ చంద్రకం పొందాడు. 1936లో దక్షిణామూర్తి సంస్థను వీడాడు. 1939లో 53 ఏళ్ళ వయసులో మరణించాడు. తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో పల్లె పిల్లల కొరకు కేంద్రాన్ని నెలకొల్పి ఈ పనిని కొనసాగించింది.