అమ్మల మాట విన్న టీచరమ్మ

మాంటిస్సోరి అనే పేరు మన దిల్‌సుఖ్‌నగర్ వీధుల్లో కూడా పసిపిల్లల బడుల బోర్డుల మీద కనిపిస్తూనే ఉంటుంది. ఆ పేరుగల మనిషి కొంతకాలం మన దేశంలో తలదాచుకున్నదని మాత్రం చాలామందికి తెలియదు.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో జన్మించారు. చదివి డాక్టరయ్యారు. 1898లో వివాహం కాకుండానే ఒక కుమారునికి తల్లి అయ్యారు. లోకనిందకు వెరచి ఆ బిడ్డను పల్లెలో వేరొకరి ఇంట పెంచవలసి వచ్చింది. ఈ సంగతి దాచి ఆమె చరిత్ర చెప్పడం నాకిష్టం లేదు. బిడ్డను పరాయి చేతుల్లో పెట్టే తల్లి బాధ ఆమె పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది కాదు.

1907 జనవరి 6, ముగ్గురు రాజుల పండుగనాడు, రోములోని సాన్ లొరెంజో పేటలో మొదటి బాలల గృహం తెరిచారు. అది నిరుపేద కూలీల వాడ. పెద్దలు పనికి పోతే పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేసేవారు. బడిలో సుమారు 50 మంది చేరారు. రుసుము లేదు గాని నియమాలున్నాయి. తల్లి బిడ్డను శుభ్రంగా పంపాలి. వారానికొకసారైనా వచ్చి టీచరుతో బిడ్డ సంగతి మాట్లాడాలి. టీచరు కూడా ఆ భవనంలోనే కాపురముండాలి. ఈ చివరి నియమమే అన్నిటికన్నా గట్టిదని నాకు తోస్తుంది. బాలాపూర్‌లో బర్మా నుండి పారిపోయి వచ్చిన రోహింగ్యా తల్లిని, బాటసింగారం గోదాముల పనికి ఊరు విడిచి వచ్చిన తల్లిని ఒకసారి తలచుకోండి. ఒకరి భాష ఒకరికి రాని చోట వారానికొక పలకరింపు ఎంత పెద్ద సంగతి!

అంత చిన్నవారికి అక్షరాలు వద్దని మాంటిస్సోరి అభిప్రాయం. చదువురాని తల్లులే కొందరు వచ్చి తమ పిల్లలకు చదవడం, రాయడం నేర్పమని బతిమాలారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. చివరకు గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లల వేళ్లకు అందించారు. కొద్ది నెలల్లోనే పసివారు రాయసాగారు. లోకమంతా మెచ్చిన ఆ పద్ధతి వెనుక ఈ అమ్మల పట్టుదల ఉన్నది.

1908 డిసెంబరు 28న మెస్సీనా నగరాన్ని భూకంపం నేలమట్టం చేసింది. అనాథలైన సుమారు 60 మంది పిల్లలను రోములో ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ మఠకన్యలు చేరదీశారు. (ఈ సభ 1877లో మన ఊటీలోనే పుట్టింది.) ఆ పిల్లలకు మాట లేదు, తిండి సయించదు, రాత్రి నిద్ర లేదు. బల్లలు సర్దడం, వడ్డించడం వంటి చిన్న పనులు చేస్తూ మెల్లగా కోలుకున్నారు. వారి గురించి చెప్పడానికి తల్లులే లేరు. మఠకన్యలే చూసి గ్రహించుకోవలసి వచ్చింది.

తర్వాత ఆమే నిలువ నీడ కోల్పోయారు. 1934లో ముస్సోలినీతో పొసగక ఇటలీ విడిచారు. 1936లో అంతర్యుద్ధం స్పెయిను నుండి తరిమింది. 1939లో కుమారునితో మద్రాసు అడయారు చేరారు. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగగానే, ఇటలీవాడైనందుకు కుమారుని అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. ఆమె 70వ పుట్టినరోజున విడిచిపెట్టారు. 1946 వరకు ఇక్కడే ఉండి, వెయ్యిమందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చారు.

1952 మే 6న హాలెండులో కన్నుమూశారు. స్వదేశానికి తీసుకుపోలేదు. నోర్డ్‌వైక్ అనే సముద్రతీరపు ఊళ్లో, కతోలిక సమాధుల తోటలో ఖననం చేశారు.