బ్రౌనుదొర ఋణము

ఎఱ్ఱమల కొండలను చీల్చుకొని పెన్నానది పారుచున్న చోట, ఎఱ్ఱని శిలల నడుమ గండికోట నిలిచియున్నది. పెమ్మసాని నాయకులు విజయనగర ప్రభువులకు విధేయులై యేలిన దుర్గమది. 1652లో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే వచ్చునప్పటికి, కోట గోలకొండ సేనాని మీర్ జుమ్లా వశమైయుండెను. నేడు మాధవరాయస్వామి యాలయము, జుమ్మా మసీదు, ధాన్యపు కొట్టు పూర్వవైభవమునకు సాక్షులుగా మిగిలియున్నవి. ఈ కోటకు రాజులతో సంబంధము లేని మఱియొక ప్రతిష్ఠ కలదు. వేమన యీ ప్రాంతమువాడేయని కొందఱు చెప్పుదురు. కొండవీటివాడని మఱికొందఱందురు. కదిరి సీమయందలి కటారుపల్లెలో ఆయన సమాధియని చూపుచున్నారు. కదిరి తాలూకా 1910 వఱకు కడప జిల్లాలోనిదే. కావున వేమన జన్మించెనని కొందఱు చెప్పు గండికోటయు, ఆయన సమాధిని చూపు కటారుపల్లెయు నొకనాడు ఒక్క జిల్లాలోనివే. ఆ జిల్లాకే 1820లో ఇరువదిరెండేండ్లు నిండని యొక ఆంగ్లేయ యువకుడు కలెక్టరుకు సహాయోద్యోగిగా వచ్చెను. ఆయనయే చార్లెస్ ఫిలిప్ బ్రౌను.

బ్రౌను నిఘంటుకర్తయని యెల్లరు నెఱుగుదురు. కాని మన దేశమున జరిగిన మతసంస్కరణముల చరిత్రకు సామగ్రి సమకూర్చిన తొలి పరిశోధకులలో నాయన యొకడను సంగతి పలువురు తలపోయరు. ఐరోపాలో లూథరు లేవదీసిన మతసంస్కరణము దేశభాషలకు అచ్చుయంత్రమును తోడు చేసినది. లిథువేనియా భాషలో మొట్టమొదటి ముద్రితగ్రంథము 1547లో వెలువడిన లూథరు మతస్థుల ప్రశ్నోత్తర పుస్తకమే. అందుచేత ఆయా దేశముల చరిత్రకారులకు తమ సంస్కర్తల మాటలు అచ్చులోనే లభించుచున్నవి. మన దేశమున నట్లు కాదు. బసవేశ్వరుడు పండ్రెండవ శతాబ్దమున జాతిభేదమును నిరసించెను. పాల్కురికి సోమనాథుడు ఆ ధర్మమును ద్విపదలో తెలుగువారికి చెప్పెను. వేమన విగ్రహపూజను, కులాహంకారమును, కపటసన్న్యాసమును ఆటవెలదులలో చీల్చి చెండాడెను. ఈ సంస్కర్తల మాటలు తాటాకులమీదను జనుల నాలుకలమీదను మాత్రమే నిలిచియుండెను. చెదలకు తాటాకు, మఱపునకు నాలుక బలియగుచుండగా వానిని ప్రోగుచేయబూనినవాడు బ్రౌను.

ఆయన 1798 నవంబరు 10వ తేదీని కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి మరణించిన పిమ్మట కుటుంబము ఇంగ్లండునకు పోయెను. బ్రౌను హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు శిక్షణము పొంది 1817లో చెన్నపట్టణము చేరెను. అచ్చటి ఫోర్టు సెయింటు జార్జి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు తెలుగు అక్షరములు దిద్దించెను. దేశభాష నెఱుగని యధికారి ప్రజలకు మేలు చేయజాలడని గవర్నరు థామస్ మన్రో చేసిన హితోపదేశము ఆ యువకుని మనస్సున గాఢముగా నాటుకొనెను. మన్రోయే అంతకు పూర్వము దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి రాయలసీమ రైతుల గోడు విన్నవాడు.

కడపలో రెండేండ్లుండి, 1822లో బ్రౌను మచిలీపట్టణమునకు బదిలీ యయ్యెను. ఆయన జీవితము మలుపు తిరిగినది అచ్చటనే. ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథము 1824లో ఆయన చేతబడెను. అందు వేమన ప్రస్తావన కలదు. ఇట్టి కవిని గూర్చి తన గురువులెవ్వరును చెప్పరైరేయని బ్రౌను ఆశ్చర్యపడెను. విచారింపగా కారణము తేటపడెను. పండితులకు వేమన పద్యము కవిత్వముగా తోచలేదు. అది పామరుల నోటి మాట, గ్రామ్యము, పఠనార్హము కానిది. రైతు లెవ్వరును దానిని మఱవలేదు, పండితు లెవ్వరును దానిని వ్రాసి దాచలేదు. ఆ క్షణమునుండి బ్రౌను ఊరూర ప్రతులకై వెదకింపసాగెను.

1826 ప్రాంతమున మరల కడపకు వచ్చి, అచ్చట నొక బంగళాను తోటతో గూడ కొని, దానిని పండితుల పాఠశాలగా మార్చెను. వ్రాయసగాండ్రకును, శాస్త్రులకును జీతములు తన చేతినుండియే యిచ్చెను. ఒక్కొక్క గ్రంథమునకు దొరకినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించుట, కాగితముమీద శుద్ధప్రతి వ్రాయించుట, పాఠభేదములను పోల్చి గుర్తించుట, పండితులచేత నిర్ణయింపించుట, ఇదియే అచ్చటి నిత్యకృత్యము. నేడు పరిష్కరణమని మనము పిలుచు శాస్త్రము తెలుగున ఇంత క్రమముగా నడచుట కది తొలినాళ్ళ ఉదాహరణము. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మశాస్త్రి, రావిపాటి గురుమూర్తిశాస్త్రి మొదలగువారు వేర్వేరు కాలములలో ఆయనకు తోడ్పడిన విద్వాంసులు. వీరి పాండిత్యము లేనిచో బ్రౌను సంకల్పము సంకల్పముగానే యుండెడిది. బ్రౌను పేరు చెప్పునప్పుడెల్ల వీరి పేర్లు చెప్పకుండుట కృతఘ్నత యగును.

జీతము చాలక ఆయన అప్పులపాలయ్యెను. అయినను పని మానలేదు. 1829లో ఆంగ్లానువాదముతో వేమన పద్యములు 693 చెన్నపట్టణమున అచ్చయ్యెను. 1839లో వెలువడిన రెండవ కూర్పున వాని సంఖ్య 1164కు పెరిగెను. వేమన 1652 ప్రాంతమున జన్మించియుండునని బ్రౌను ఊహించెను. తరువాతి పరిశోధకు లీ కాలనిర్ణయమును అంగీకరించినవారును కలరు, త్రోసిపుచ్చినవారును కలరు. కాలనిర్ణయము నిలిచినను నిలువకపోయినను, పద్యములు మాత్రము నిలిచినవి.

తరువాతి యేండ్లు ఆయనకు కష్టకాలము. 1832-33లో గుంటూరు సీమను డొక్కల కరవు పట్టి పీడించెను. జనము తండోపతండములుగా నశించిరి. ఆ సమయమున నచ్చట పనిచేసిన బ్రౌను దానిని కరవనియే వ్రాసెను. పై యధికారులకు ఆ మాట రుచింపలేదు. కరవనినచో కంపెనీపై బాధ్యత పడును గదా. ఆయన చర్యలనే గాక ఆ పదప్రయోగమును గూడ ప్రభుత్వము గర్హించెను. వేమన పద్యమును కవిత్వమని పిలువ నిరాకరించిన పండితులకును, కరవును కరవని పిలువ నిరాకరించిన దొరలకును ఎంత పోలిక! ఉన్న వస్తువునకు దాని పేరు పెట్టి పిలుచుటయే బ్రౌను చేసిన యపరాధము. వానల కెదురుచూచి బ్రదుకు రాయలసీమవారికి ఆ పదముయొక్క విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు.

1834లో ఉద్యోగము పోయి, ఆయన ఇంగ్లండునకు మరలెను. నిరుద్యోగియై యున్న ఆ మూడేండ్లు సైతము వృథా పోలేదు. లండనులోని కంపెనీవారి గ్రంథాలయమున దక్షిణదేశపు వ్రాతప్రతులు రెండువేలకు పైగా పడియుండుట చూచి, వానిని చెన్నపట్టణపు సాహిత్యసంఘమునకు తిరిగి పంపించునట్లు చేసెను. తరువాత తన స్వంత ప్రతులను గూడ ఆ సంఘమునకే యొసగెను. నేటి చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమున కివి, మెకంజీ సేకరించిన కైఫీయతులతో కలిసి, పునాదిరాళ్ళైనవి.

1837లో పారసీక భాషానువాదకుడుగా ఆయన మరల చెన్నపట్టణము వచ్చెను. 1840లో జంగముల మతమును, ఆచారములను, వాఙ్మయమును గూర్చి యొక విపులమైన వ్యాసము ప్రకటించెను. మన మతసంస్కరణ చరిత్రకు ఆయన చేసిన సేవలో వేమన పద్యముల తరువాత నెన్నదగినది యిదియే. బసవపురాణమును కట్టుకథల మూటగా చూడక, ఒక జనసమూహముయొక్క విశ్వాసమునకును తిరుగుబాటునకును సాక్ష్యముగా చూచెను. రాజుల వంశావళియే చరిత్రయని యెన్నుచుండిన కాలమున, ప్రజల నడవడియు, నమ్మకమును చరిత్రయేయని యెఱిగిన దృష్టి యది. హండె అనంతపురపు వృత్తాంతమును 1853లో అనువదించి ప్రకటించుటకును, తాతాచారి కథలను 1855లో వెలువరించుటకును ఆ దృష్టియే ప్రేరకము. 1852లో వెలువడిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువునందు కావ్యభాషతోపాటు సంతలోని మాటకును, పొలములోని మాటకును చోటు దొరకుటకును అదియే హేతువు.

1855లో ఆయన యుద్యోగము విడిచి లండను చేరెను. 1865నుండి అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు బోధించుచు, అవివాహితుడుగానే యుండి, 1884 డిసెంబరు 12న మరణించెను.

బ్రౌను లోపములు లేనివాడు కాడు. వేమన పద్యములను తన యభిరుచి ననుసరించి యేరి, వర్గములుగా విభజించెను. యోగసంబంధమైన గూఢార్థములయం దాయనకు ఆదరము తక్కువ. క్రైస్తవ మతాచార్యుని కుమారుడు గావున విగ్రహనిరసన పద్యములు చెవికింపుగా నుండుట సహజము. అంతకును మించి, మన ధాన్యమును, మన చేతిపనులను కొల్లగొట్టిన కంపెనీకి ఆయన సేవకుడు. పరప్రభుత్వమును మన్నించుటకు బ్రౌను పాండిత్యము కారణము కానేరదు. కాని పరప్రభుత్వమును ద్వేషించుట ఆయన పాండిత్యమును మఱచుటకు కారణము కారాదు. మన వేమనను ఒక ఫ్రెంచివాని పుస్తకము చూచి, ఒక ఆంగ్లేయుడు మనకు తిరిగి యిచ్చెననినచో, సిగ్గుపడవలసినది ఇచ్చినవాడు కాడు.

ఆ సిగ్గును కొందఱు తీర్చుకొనిరి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1928లో అనంతపురమున వేమనపై చేసిన యుపన్యాసములు బ్రౌను విడిచిన చోటనుండి ముందునకు సాగినవి. బంగోరె బ్రౌను కాగితములను వెదకి వెలికి దెచ్చెను. కడపలో బ్రౌను బంగళా యుండిన స్థలముననే, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి దీక్షాఫలముగా, ఆయన పేర గ్రంథాలయము వెలసినది. అది నేడు యోగివేమన విశ్వవిద్యాలయమునకు చేరియున్నది. బ్రౌను పేరు, వేమన పేరు ఒక్క కడపలోనే కలిసికొనుట ఎంతయు సముచితము.

కాని ఋణము తీరినదా? రాయలసీమ పల్లెలలోని యటకలమీద తాటాకు కట్టలింకను మిగిలియున్నవి. తత్త్వములు పాడు వృద్ధులొకరొకరుగా రాలిపోవుచున్నారు. ఆ పాటలు వ్రాసికొనుటకు మఱియొక దూరదేశీయుడు రావలయునా? ఆయన తన జీతమును, తన కాలమును వెచ్చించి పరభాషను కాపాడెను. మన భాషను మనము కాపాడుకొనుటకు జీతము నడుగనక్కఱలేదు, తీరిక యొక్కటి చాలును. గండికోట చూడబోవు వారందఱు పెన్నా గండిని చూచి సంతోషింతురు. తిరిగి వచ్చునప్పుడు దాపుననున్న పల్లెలో నొక ముసలివాని చెంత కూర్చుండి, ఆయనకు వచ్చిన పద్యము లన్నియు వ్రాసికొని రాగలిగినచో, బ్రౌనుదొర ఋణమున కొకింత చెల్లు వ్రాసికొనవచ్చును.