జాన్ లాక్ హక్కుల లెక్కలోకి రాని మనుషులు

ఉదారవాదానికి పితామహుడు ఎవరని అడిగితే రాజనీతిశాస్త్రం విద్యార్థులు వెంటనే జాన్ లాక్ పేరు చెబుతారు. పుట్టుకతో ఎవరూ ఎవరికీ పాలకులు కారని వాదించినవాడు లాక్. పుట్టుకే శిక్షగా బతికిన మనం ఆయన జీవితాన్ని పూర్తిగా చదవాలి.

1632 ఆగస్టు 29న ఇంగ్లండ్‌లోని సోమర్సెట్ ప్రాంతంలో లాక్ పుట్టాడు. తండ్రి చిన్న లాయరు. రాజుకూ పార్లమెంటుకూ జరిగిన యుద్ధంలో పార్లమెంటు వైపు పోరాడాడు. 1649లో మొదటి చార్లెస్ రాజు తల నరికిన చోటికి దగ్గర్లోనే, వెస్ట్‌మినిస్టర్ స్కూల్లో లాక్ అప్పుడు చదువుకుంటున్నాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, వైద్యం కూడా నేర్చుకున్నాడు. ఆ వైద్యంతోనే ఆష్లే ప్రభువుకు దగ్గరయ్యాడు. 1668లో ఆయన కాలేయానికి జరిగిన ఆపరేషన్‌ను దగ్గరుండి చేయించాడు.

అమెరికాలోని కరోలినా వలసకు యజమానులైన ఎనిమిది మంది ప్రభువుల్లో ఆష్లే ఒకడు. వారికి లాక్ కార్యదర్శిగా పనిచేశాడు. 1669లో ఆ వలసకు రాసిన శాసనం ముసాయిదాలో ఆయన చేయి ఉంది. ఎంత మేరకు అన్నదానిపై పండితుల మధ్య ఇప్పటికీ వాదన నడుస్తోంది. నల్లజాతి బానిసలపై యజమానికి సంపూర్ణ అధికారం ఉంటుందని ఆ శాసనం చెప్పింది. ప్రభువు భూమికి కట్టుబడిన వెట్టివాళ్ళ పిల్లలు తరతరాలా వెట్టివాళ్ళేనని కూడా రాసింది. బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో లాక్ వాటాలు కొన్నాడు.

రాజుపై కుట్రల అనుమానాలు ముసిరిన 1683లో లాక్ హాలండ్‌కు పారిపోయాడు. 1688 విప్లవం తర్వాత, 1689లో తిరిగొచ్చాడు. ప్రభుత్వంపై రెండు గ్రంథాలు పేరు లేకుండా అచ్చయ్యాయి. రాజుల అధికారం ఆదాము నుంచి వారసత్వంగా వచ్చిందన్న ఫిల్మర్ వాదాన్ని అందులో తుత్తునియలు చేశాడు. మనుషులు పుట్టుకతో స్వేచ్ఛాజీవులు, సమానులు. పాలకుడి అధికారం ప్రజల అంగీకారం నుంచే వస్తుంది. నమ్మకద్రోహం చేసిన పాలకుడిని దించే హక్కు ప్రజలకు ఉంది. ఇదీ ఆయన వాదం.

శ్రమే ఆస్తికి మూలమన్నాడు. అదే వాదంతో అమెరికా ఆదివాసుల భూములను బంజర్లుగా లెక్కగట్టాడు. 1697లో, పేదల మూడేళ్ళు దాటిన పిల్లలను పని బడుల్లో పెట్టాలని ప్రభుత్వానికి సూచించాడు. మతసహనం గురించి గొప్పగా రాస్తూనే నాస్తికులను దానికి బయట ఉంచాడు.

1704 అక్టోబరు 28న లాక్ చనిపోయాడు. ఆ రెండు గ్రంథాలు తనవేనని వీలునామాలోనే ఒప్పుకున్నాడు.

కథ అక్కడితో ఆగలేదు. సహజ హక్కుల భాష బానిసల చెవిన కూడా పడింది. 1777లో ప్రిన్స్ హాల్, మరికొందరు నల్లజాతివాళ్ళు మసాచుసెట్స్ శాసనసభకు అర్జీ పెట్టారు. స్వేచ్ఛ మనుషులందరికీ సహజ హక్కయితే అది తమకూ ఉందని అడిగారు. లాక్ పూర్తి చేయని వాక్యాన్ని వాళ్ళు పూర్తి చేశారు. హక్కుల చరిత్రలో లాక్ పేరు పక్కనే ఆ అర్జీదారుల పేర్లూ ఉండాలి.