శ్రీరామదాసు తారకోపదేశము

భద్రాద్రి రామదాసని ప్రసిద్ధి గాంచిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దమున నేలకొండపల్లిలో కామాంబా లింగనమంత్రులకు జన్మించెను. దాశరథీ శతకమున ఆయన స్మరించిన గురువు రఘునాథ భట్టాచార్యులు. అయితే తారకమంత్రము నుపదేశించినవాడు కబీరను ఫకీరని పెద్దలు చెప్పుదురు. కాశీ కబీరుదాసు 15వ శతాబ్దము వాడగుటచే ఈయన ఆ నామధారియైన వేరొక సాధువని తలంపవలెను. భగవన్నామమును ఎడతెగక స్మరించుట సూఫీలకు జిక్రు, మంత్రశాస్త్రజ్ఞులకు జపము, భాగవతులకు నామసంకీర్తనము. సిద్ధాంతములు వేరైనను సాధనమున పోలిక గలదు.

పాల్వంచ పరగణా తహశీల్దారై గోపన్న సర్కారు ధనముతో భద్రాచలమున ఆలయము కట్టించి గోలకొండ చెరలో పడెను. పండ్రెండేండ్లు అచట మ్రగ్గెనని ప్రతీతి. చెరలో నుంచిన తానీషా ప్రభువు సైతము షా రాజు అను సూఫీ గురువునకు శిష్యుడే!

దెబ్బలు తాళలేక రామదాసు తాను చేయించిన నగల లెక్క చెప్పి స్వామినే నిందించెను. పిమ్మట పశ్చాత్తప్తుడై క్షమింపుమని వేడెను. సీతమ్మ తల్లిని తన మొఱ స్వామికి విన్నవింపుమని యర్థించెను. శ్రీవైష్ణవులు చెప్పు పురుషకారమిదియే. మంత్రమెవరి నోట విన్నను శరణాగతికి త్రోవ అమ్మవారి వాకిటనే యున్నదని ఆ కీర్తనలు చాటుచున్నవి.

రామలక్ష్మణులే పైకము చెల్లించి దాసుని విడిపించిరని భక్తుల విశ్వాసము. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమయ్యెను. తానీషా దౌలతాబాదు కోటలో బందీగనే కన్నుమూసెను.

సంగారెడ్డి, పటాన్‌చెరుల నుండి భద్రాద్రికేగు యాత్రికులకు గోలకొండ దూరము కాదు. అచటి రామదాసు బందీఖానాలో నిలిచి తారకనామము స్మరించిన, యాత్ర అచటనే ఆరంభమగును.